పిట్టకు ఇచ్చిన మాట

ఏటూరునాగారం క్యాంపు,
మార్చి 1964.

హనుమకొండలో ఉన్న శ్రీవారికి నమస్కారాలు. ఇక్కడ నేనూ, నా పలుగూ పారా కులాసా. అక్కడ మీరూ, అత్తమ్మా, మన బట్టల కొట్టూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

మీ ఉత్తరం అందింది. అత్తమ్మ పంపిన సకినాలు జీపు డ్రైవరే సగం తినేశాడు, ఆ సంగతి ఆవిడకు చెప్పకండి. పులి కనిపించిందా అని అడిగారు. లేదు, దోమలతోనే సరిపోతోంది. చిక్కిపోయావా అన్నారు. అన్నం సహించడం లేదు. ఎందుకో చివర చెబుతాను.

రాకాసిగుళ్ళు తవ్వుతుంటే భయం వేయదా అన్నారు. బండలు నిలబెట్టి పెట్టెల్లా కట్టిన పాతకాలపు సమాధులేగా, భయమేమిటని మొదట్లో నవ్వేదాన్ని. పోయిన నెల ఒకదాంట్లో చిన్నపిల్ల ఎముకలు బయటపడ్డాయి. మోకాళ్ళు ముడుచుకుని పక్కకు తిరిగి పడుకుంది, మెడలో పూసలు. ఇంత చెక్కుచెదరని పిల్లను మా గైడు ప్రొఫెసరుగారు ఎన్నడూ చూడలేదట. హైదరాబాదు పంపి పరీక్ష చేయిస్తేనే నా థీసిస్ నిలబడుతుంది.

అయితే కూలీల పెద్ద కట్టమ్మ పార కింద పడేసింది. "అమ్మా, పండుకున్న పిల్లను మనమే లేపితిమి. మల్ల సచ్చినట్టే గద! పిట్టకు పెట్టకుంట ఒక్కలు గూడ ముట్టరు" అంది.

సరేనని మూడోనాడు అన్నం వండి, గుంత పక్కన విస్తరిలో పెట్టాం. కాకులు చెట్టు మీదే కూర్చున్నాయి. దిగవు, అరవవు. పోయినవాళ్ళ కోరిక తెలుసుకుని మాటిస్తేనే కదా పిట్ట ముట్టేది! "నీ పూసలు నీకే ఇడుస్తం తల్లీ" అని ఒకరు, "నీ కుండ జోలికి రాం" అని ఇంకొకరు మొక్కారు. ఒక్క కాకీ కదల్లేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. వానల్లోపు పని కాకపోతే నా గతేమిటి? "సరే, నా కడుపున పుట్టు, పో!" అని విసురుగా అనేశాను.

మాట పూర్తికాకముందే కాకులన్నీ దిగాయి. విస్తరి చిరిగేదాకా తిన్నాయి.

పని సాగిందన్న సంతోషంలో ఎముకలను దూదిలో చుట్టి పెట్టెకెత్తాను. ఆ వారంలోనే కదా మీరు నన్ను చూడవచ్చారు! నవ్వుతారని మీకు ఈ ముక్క చెప్పలేదు.

నాకు నెల తప్పిందండీ. డాక్టరమ్మ నిన్న ఖాయం చేసింది. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన అత్తమ్మకు మీరే చెప్పండి. నాకు సంతోషమే, దేవుడి తోడు. కానీ అన్నం సహించని ఈ నోటికి ఆ గుంతలో మట్టి కావాలనిపిస్తోంది. వేరే మట్టి వద్దు. పిల్ల తల కింద ఉన్న మట్టే. మొన్న తిన్నాను కూడా. తియ్యగా ఉంది.

నేను తింటుండగా కట్టమ్మ చూసింది. "కడుపులకు పిల్సినదాన్ని పట్నం తోలుతవా బిడ్డా? ఇంటికి తీస్కపో" అంది. పెట్టె ఏదని గైడుగారు తొందర పెడుతున్నారు. పంపను. థీసిస్ పోతే పోయింది.

ఆదివారం బస్సుకు వస్తున్నాను. మెల్లగా తొక్కేవాడి రిక్షా మాట్లాడి ఉంచండి. కుదుపులు తగలకూడదు. నాకూ, పెట్టెకూ.

ఇట్లు,
మీ అర్ధాంగి
సరస్వతి