గుప్పెడు బియ్యం

నాయినా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. మన్సూరాబాద్‌లో నువ్వు సంఘం నడిపిన కిరాయి గదిని ఈ సాయంత్రం ఖాళీ చేశాను.

నీకు చదువు రాదు. నేను బైబిలు చదివితే నువ్వు వాక్యం చెప్పేవాడివి, గది నిండిపోయేది. ఇప్పుడు చదివేదీ చెప్పేదీ నేనే. చివరికి అమ్మ, యాదమ్మత్త మిగిలారు. పోయిన ఆదివారం యాదమ్మత్త కూడా రాలేదు.

నిన్న నీలాగే సంచి పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాను, వండేటప్పుడల్లా దేవుడికని తీసిపెట్టే గుప్పెడు బియ్యం కోసం. గడపలోనే నిలబెట్టింది.

"ఎల్బీనగర్ పెద్ద చర్చికి పోతున్న బిడ్డా. గాడ బియ్యం అడగరు, ఏసీ సుత ఉంది."

"నేను సరిగా చెప్పట్లేదా అత్తా?"

"మంచిగనే చెప్తవు. సారు పాఠం చెప్పినట్టు చెప్తవు. మీ నాయిన ఏడిపిచ్చేటోడు."

ప్రార్థన చేసి వెళ్తానన్నాను. జర పనుందంది.

గది ఓనరుకు తాళం ఇచ్చానని అమ్మకు చెప్పాను. రాత్రి అన్నానికి బియ్యం కొలిచి, కడిగే ముందు ఎప్పటిలాగే ఒక గుప్పెడు తీసి సంఘం డబ్బాలో వేసింది.

ఇంకెవరికమ్మా అని అడగబోయాను.

"మూత పెట్టు, పురుగు పడతది," అంది.

పెట్టాను.