వంతెన దాకా

ఆర్డిత్ అక్కా,

ఆదివారం రెజీనా రోడ్డు మీద నీ కొత్త కారు ఆగిపోయినప్పుడు, చూసిన వెంటనే వచ్చానన్నాను కదా. అది అబద్ధం.

ఆ మధ్యాహ్నం చర్చి విందులో అందరూ నీ కారు చుట్టూనే చేరారు. "నోటితో చెబితే చాలు, సీటు వేడెక్కుతుంది. నువ్వా డొక్కు ట్రక్కుని ఇంకెన్నాళ్ళు ఈడుస్తావే?" అని అందరి ముందూ నవ్వావు. నాకు ఒళ్ళు మండిపోయింది. అందుకే దారిలో మంచులో ఆగిన నీ కారు కనిపిస్తే, లోలోపల సంతోషపడి పక్కనుంచే వెళ్ళిపోయాను. వంతెన దగ్గరికొచ్చాక భయమేసి వెనక్కి తిప్పాను.

అప్పటికే కారులో అన్నీ నడిపే ఆ తెర నల్లబడి, హీటరు ఆగిపోయి, తలుపెలా తెరవాలో తెలియక నువ్వు లోపల వణికిపోతున్నావు. ఇనుప రాడ్డుతో అద్దం పగలగొట్టి నిన్ను బయటికి లాగాను. నా ట్రక్కులో కూర్చుని, "ఎంత వెచ్చగా ఉందే ఇక్కడ!" అన్నావు. నీ నోట ఆ మాట విని ఎంత మురిసిపోయానో! చేసిన పనికి సిగ్గుపడాల్సింది పోయి.

నిన్న నీ కారు బాగై వచ్చిందని తెలిసింది. మనసు చివుక్కుమంది. నా అసూయ ఇంకా పోలేదని అర్థమైంది, అందుకే ఇది రాస్తున్నాను.

తిట్టాలనిపిస్తే వచ్చి తిట్టు. ఆ కారులో మాత్రం రాకు.

నీ చెల్లి