పై వాటా మాస్టారికి చెప్పాల్సిన మాట

పై వాటా మాస్టారు గారికి,

నమస్కారం. నేను మీ కింద వాటాలో అద్దెకుంటున్న అమ్మాయిని. ల్యాబులో రక్తం తీసే పని నాది. మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటిదాన్ని నేనే. నోటితో చెప్పలేనిది కాగితం మీదైనా చెప్పగలనని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీకొక సంగతి చెప్పాలి. చాలా ముఖ్యమైనది, మీ ప్రాణానికి సంబంధించినది. చెబుదామని ఎన్నోసార్లు మెట్లెక్కాను. లోపల మీరు ఫోనులో ఎవరినో గద్దించడం వినబడి, అలాగే దిగిపోయాను. రోజూ ఎంతమందికో సూది గుచ్చుతాను, బెదరను. మీ తలుపు కొట్టాలంటే మాత్రం ఎత్తిన చెయ్యి దించేసుకుంటున్నాను. ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన మాట. మీకెప్పుడు వీలు?

ఇట్లు,
కింద వాటా అమ్మాయి

తా.క.: కంగారు పడకండి. చివరికి అంతా మంచే జరుగుతుంది.

*

కింద వాటా అమ్మాయికి,

ఆశీస్సులు. తలుపు కింద నుంచి తోసిన ఉత్తరం అందింది. బడిలో ఉద్యోగమంతా డ్రిల్లు చేయించినవాణ్ణి, దేనికీ జంకను. మొన్న మీ ల్యాబుకి వచ్చినప్పుడు నువ్వు కనబడలేదు. అయినా సంగతి నీదాకా వచ్చిందన్నమాట. నాకూ కొంతకాలంగా లోపల ఏదో తేడాగానే ఉంది. ఎవరికీ చెప్పలేదు.

నాన్చకుండా చెప్పు. ఇంకా ఎంత సమయం ఉంది?

పై వాటా మాస్టారు

తా.క.: 'చివరికి' అన్న మాట కింద గీత ఎందుకు గీశావు?

*

గౌరవనీయులైన మాస్టారికి,

మీ ఉత్తరం చదివి ఆనందంతో ఏడ్చేశాను. నన్ను వెతుక్కుంటూ ల్యాబుదాకా వచ్చారా! లోపల తేడాగా ఉందని మీకే అనిపించిందంటే సగం పని అయిపోయినట్టే. చాలామంది అది ఒప్పుకోకుండానే పోతారు.

ఎంత సమయం ఉందని అడిగారు. నిజం చెబుతాను. అది ఎవరికీ తెలియదు. ఈ రాత్రే కావచ్చు. అందుకే వాయిదా వెయ్యకూడదు. మీరు కలవాల్సినవారు ఒకరున్నారు. ఆయన చేతిలో పడ్డవాళ్ళెవరూ ఇంతవరకూ నష్టపోలేదు. పేరు ఎదురుగానే చెబుతాను, రాయడానికి ఇంకా ధైర్యం చాలడం లేదు.

ఈ సాయంత్రం కూడా మెట్లెక్కాను. మీ చెప్పుల దాకా వచ్చాను.

మీ మేలు కోరే,
కింద వాటా అమ్మాయి

తా.క.: మీరొక్కరే అనుకోకండి. ఇది మా ఇంట్లో అమ్మమ్మతో మొదలైంది. ఆమె నుంచి అమ్మకి, అమ్మ నుంచి నాకు. బస్సులో అమ్మమ్మ పక్కన కూర్చున్నవాళ్ళు కూడా కొందరు తప్పించుకోలేకపోయారు.

*

అమ్మాయికి,

నీ ఉత్తరం చదివాను. వెంటనే చెయ్యాల్సినవి చేశాను. పూలకుండీలు ఎదురింటావిడకి ఇచ్చేశాను. గోడ తగాదా దగ్గర్నుంచి మాటల్లేని తమ్ముడికి ఫోను చేసి "ఏరా" అన్నాను. వాడు "అన్నయ్యా" అని ఏడ్చాడు. నేను ఏడవలేదు, నాకు జలుబు.

నడుస్తూ వెళుతుంటే మలుపులో చర్చి తలుపు తీసి ఉంది. లోపలికి వెళ్ళి కూర్చున్నాను. పాస్టరుగారు వచ్చి ఎవరని అడిగారు, చెప్పాను. "ఆ పై వాటా మాస్టారు మీరేనా! మా సంఘమంతా మీ కోసమే ప్రార్థన చేస్తోందండీ" అన్నారు. అప్పటిదాకా ఏ మూలో ఉన్న ఆశ కాస్తా అక్కడే వదిలేసుకున్నాను.

ఒక్కటి అడుగుతాను. పోయాక ఏమవుతుంది? ఇన్నేళ్ళూ సిగ్గేసి ఎవర్నీ అడగలేదు.

మాస్టారు

తా.క.: మీ ఇంటిల్లిపాదికీ ఉందన్నావు. మెట్ల రెయిలింగు సబ్బునీళ్ళతో కడిగించాను. ఏమీ అనుకోకు.

*

మాస్టారూ,

క్షమించండి, క్షమించండి! మీరు ల్యాబుకి వచ్చింది రక్తపరీక్షకని నాకు తెలియదు. ఆ రోజు నాకు సెలవు. మీ ఉత్తరం చూసి ల్యాబుకి పరుగెత్తాను. మీ రిపోర్టు కవరు కౌంటరులోనే ఉంది, అతికించింది అతికించినట్టే. నేను విప్పలేదు, విప్పకూడదు. దీంతోపాటు పెడుతున్నాను.

నేను చెప్పాలనుకున్నది యేసు ప్రభువు గురించి. అంతే. మీరు నవ్వుతారని, కసురుతారని, నా సంగతి నీకెందుకంటారని భయపడ్డాను. ఆయన పేరు రాయలేక చుట్టూ తిప్పి తిప్పి మిమ్మల్ని చావుదాకా తీసుకెళ్ళాను. సంఘంలో ప్రార్థన చెయ్యమన్నది కూడా మీ ఆరోగ్యం కోసం కాదు, మీ ముందు నా నోరు పెగలాలని.

పోయాక ఏమవుతుందని అడిగారు. జవాబు నా దగ్గరుంది. ఇంత చేశాక మీరే వద్దంటారేమో.

తలెత్తలేని,
కింద వాటా అమ్మాయి

తా.క.: రెయిలింగు మాత్రం బాగా మెరుస్తోంది.

*

ఓ మహాతల్లికి,

కవరు విప్పాను. నాకేం లేదు. అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయట. ఆ లోపలి తేడా ఏమిటో మీ మిషనుకి దొరకలేదు. నిన్ను గ్రౌండు చుట్టూ పరుగెత్తించాలన్నంత కోపం వచ్చింది. తమ్ముడు ఆదివారం బయలుదేరి వస్తున్నాడు. పోతున్నానని ఫోనులో చెప్పేశాను, ఇప్పుడు పోవడం లేదని వాడికి ఏ మొహం పెట్టుకుని చెప్పను?

ఇంకో చిక్కుంది. నిన్ను అడిగాక సిగ్గు పోయి, పోతున్నాననుకున్న రోజుల్లో కనబడ్డవాళ్ళనల్లా ఆపి అడిగాను, పోయాక ఏమవుతుందో తెలుసా అని. సెలూన్‌లో అతను కత్తెర ఆపేశాడు. ఎదురింటావిడ పూలకుండీ కింద పెట్టేసింది. పాలు పోసే అతను "మాకేం తెలుసు మాస్టారూ, తెలిస్తే మాకూ చెప్పండి" అన్నాడు. కింద వాటా అమ్మాయికి తెలిసే ఉంటుంది, ఆదివారం సాయంత్రం మా ఇంట్లో చెబుతుందని మాటిచ్చేశాను. యేసు ప్రభువు గురించట అని ఇవాళ వెళ్ళి చెప్పాను కూడా. ఒక్కరూ మానుకోలేదు.

నమ్ముతానని నేను మాటివ్వను. వింటానని ఇస్తున్నాను.

మాస్టారు

తా.క.: కుర్చీలు చాలవు. వచ్చేటప్పుడు ఒకటి తెచ్చుకో.

*

మాస్టారికి,

ఒక్కరికి చెప్పలేక ఇంత చేసినదాన్ని, గదినిండా మనుషులా! మీ ఉత్తరం చూడగానే మా ఊరు వెళ్ళిపోదామని సంచీ సర్దాను. బట్టలన్నీ పెట్టాక బైబిలు పెట్టబోయాను. దాన్ని పట్టుకుని పారిపోవడం బాగుండదనిపించింది. సంచీ ఖాళీ చేశాను.

ఆదివారం సాయంత్రం వస్తాను. ఈసారి చుట్టూ తిప్పను. మొదటి మాటే ఆయన పేరు.

కింద వాటా అమ్మాయి

తా.క.: కుర్చీ తెస్తున్నాను. దాన్ని తలుపుకి బాగా దూరంగా, అవతలి గోడ దగ్గర వేయించండి. మధ్యలో అందరూ కూర్చుంటే నేను పారిపోలేను.