బాపు పొయ్యి మీద మొదటి కప్పు

పుణె,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన అన్నకు, వదినకు, అందరికన్నా ముందు అవ్వ పాదాలకు మీ కరుణ వందనాలు.

దేవుని దయవల్ల ఇక్కడ ముగ్గురమూ వేళకు తిని, వేళకు పడుకుని, తిరుగుతూ ఉన్నాం. మీరూ అట్లాగే ఉన్నారనుకుంటున్నాను. అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నూనె రాయమంటే ఇప్పటికీ "రేపు సూద్దాం తీ" అంటున్నదా? వదిన కాస్త గట్టిగా చెప్పాలి. నా మాటైతే నేనక్కడున్నప్పుడే అవ్వ వినలేదు, ఇంత దూరం నుంచి ఏం వింటుంది?

ఫోనుండగా ఈ ఉత్తరమేంటని నవ్వకు అన్నా. నేను ఫోన్ చేస్తే నీ వెనక స్టవ్వు గర్జిస్తుంటుంది, ఎవరో "రెండు చాయ్, ఒకటి చక్కెర తక్కువ" అని అరుస్తుంటారు. నువ్వు రెండో మాటకే "సరే చెల్లె, మళ్ల చేస్త" అని పెట్టేస్తావు. నేనేమో అసలు మాట వదిలేసి వాన సంగతి చెప్తాను. నువ్వు పంపిన వాయిస్ మెసేజ్‌కు జవాబు అట్లా చెప్పేది కాదు. అందుకే నీ మేనకోడలు దీవెన నోటుబుక్కులోంచి కాగితాలు చింపి రాస్తున్నాను. అది చూసి అలిగింది కూడా.

ఇక్కడ వాన ఇంకా వదల్లేదు. మన దగ్గర వానంటే వచ్చి, కొట్టి, పోతుంది. ఇక్కడిది పనీపాటా లేని చుట్టంలా రోజంతా కూర్చుంటుంది. బట్టలు ఆరవు. మీ బావ కంపెనీలో పని బాగానే ఉంది, మేస్త్రీ మంచివాడట. నాకు పళ్ల డాక్టరమ్మ దగ్గర పేర్లు రాసుకుని లోపలికి పంపే పని దొరికింది. బోధన్ అంగడిలో నేర్చిన మరాఠీతోనే నెట్టుకొస్తున్నాను. నేను మాట్లాడితే కూరగాయలామె నవ్వాపుకోలేక నాలుగు పచ్చిమిరపకాయలు ఎక్కువ వేస్తుంది, అదీ లాభమే. దీవెన పదో తరగతిలో కుదురుకుంది. నా గురించి బెంగ పెట్టుకోవద్దని అవ్వకు చెప్పు. అన్నం తింటున్నాను, నిద్ర పోతున్నాను. ఒక్క కాఫీకే కరువు.

నవ్వుతావని తెలుసు. చాయ్ తాగే ఊళ్లో పుట్టి కాఫీ కోసం ఏడ్చేది మన ఇంట్లోవాళ్లే. షుగర్ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో బాపు ఆఫీసర్లకు కాఫీ కలిపి కలిపి ఆ రుచిని మన ఇంటికంటించాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ ఇత్తడి ఫిల్టర్‌తోనే బస్టాండు దగ్గర హోటల్ పెట్టాడు కదా. నీకు చాయ్ పొయ్యి, నాకు కాఫీ పొయ్యి. నీ చాయ్‌కు వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు గానీ, డికాక్షన్ మాత్రం బాపు పోయేముందు నా చేతికే ఇచ్చాడు.

వచ్చిన కొత్తలో మెయిన్ రోడ్డు మీదున్న అద్దాల కేఫ్‌కు పోయాం. కప్పులో నురగ మీద ఆకు బొమ్మ గీసి ఇచ్చారు. చూస్తే ముద్దొచ్చింది, తాగితే నోరంతా చేదు. మీ బావ చక్కెర పొట్లాలు ఒకటి తర్వాత ఒకటి చింపి పోసుకుని, "గిది కాఫీ కాదే, జరానికి తాగే కసాయం" అన్నాడు. పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూశారు. మా వీధి చివర హోటల్లో అడిగితే ఆయన నన్ను జాలిగా చూసి, "కాఫీ నాహీ తాయీ, చహా ఘ్యా" అన్నాడు, కాఫీ లేదక్కా, చాయ్ తీసుకో అని. చర్చి పక్క బేకరీలో ఉందన్నారు గానీ, అది చల్లటి పాలలో పోసిన చాక్లెట్. దీవెనకు నచ్చింది. నాకు ఏడుపొచ్చింది.

చివరికి మా కాలనీ వెనక చిన్న రేకుల షెడ్డులో ఒక కన్నడాయన దొరికాడు. ఒక ఆదివారం పొద్దున్నే ప్రార్థనకు ముందు అటు నడిచాను. అప్పుడే షట్టర్ ఎత్తి, దేవుడి పటానికి అగరుబత్తి వెలిగించి, పాలు దించుతున్నాడు. నేనే మొదటిదాన్ని. స్టీలు గ్లాసులో తిరగబోసి ఇచ్చాడు. అన్నా, నిజం చెప్తున్నాను, ఒక్క గుటక పడగానే బస్టాండులో బాన్సువాడ బస్సు హారన్ వినబడ్డట్టయింది. కళ్లు మూసుకుని తాగాను. గ్లాసు కడిగే బల్ల మీద పెట్టి, "దేవుడు నిన్ను దీవించు గాక" అని మన తెలుగులోనే ఆయనతో అని, నడిచి వచ్చేశాను.

సగం దూరం వచ్చాక వెనక నుంచి "తాయీ! పైసే!" అని కేక.

మరిచిపోలేదు అన్నా. పర్సు చేతిలోనే ఉంది. పైసలియ్యాలన్న ఆలోచనే రాలేదు. పొద్దున మొదటి కప్పుకు పైసలుంటాయని నా ఒంటికి తెలియదు. మన హోటల్లో ఎన్నేళ్లు చూశాను! మొదట ఎవరొచ్చినా సరే, ఊడ్చే ఆమైనా, బస్సు కండక్టరైనా, ఆ కప్పుకు పైసల్లేవు. అందరూ బోణీ నగదుగా పడాలంటే, మన బాపు ప్రథమ ఫలం దేవునిదన్నాడు. ఎడపల్లి నుంచి సొరకాయలు తెచ్చే సాయమ్మ మొదటి ఆటో దిగి, గంప కూడా దించకుండా మన మెట్ల దగ్గరికి ఉరికొచ్చేది, గుర్తుందా? ఒకసారి సిగ్గుపడి కొంగుముడి విప్పింది. "పైసలు ఇయ్యకు సాయమ్మ, గిది నాది గాదు, దేవునిది. తాగి పో" అన్నాడు బాపు. ఆమె తాగి, దీవించి పోయేది. ఆ దీవెన మాటే నా నోట్లోంచి ఇక్కడ ఊడిపడింది.

తిరిగి పోయి పైసలిచ్చాను. హిందీలో ఏదో చెప్పబోయాను. ఆయనకు అర్థం కాలేదు. పాపం, మంచివాడే. పైసలు కళ్లకద్దుకుని, బోణీ అప్పు పడితే రోజంతా అప్పులే నడుస్తాయన్నాడు. తర్వాతి ఆదివారం నన్ను చూడగానే పాలు కలపడం ఆపి, చెయ్యి చూపించాడు: కాస్త ఆగు, ఇంకొకరిని తాగనీ, తర్వాత నీకిస్తాను. తిట్టలేదు, విసుక్కోలేదు. నేను రేకుల చూరు కింద, వానలో, ఎవరో ఒకరు వచ్చి బోణీ చేసేదాకా నిలబడ్డాను. అప్పటి నుంచి ప్రతి ఆదివారం అంతే. మానెయ్యొచ్చు కదా అంటావేమో. ఆ రుచి ఇంకెక్కడా లేదు అన్నా.

ఇప్పుడు నీ మాటకు వస్తాను. నీ మెసేజ్ ఎన్నిసార్లు విన్నానో మీ బావనడుగు. "చెల్లె, నువ్వొస్తే బాపు పొయ్యి నీకే ఇడుస్త. రాకుంటె చర్చిల కోత పండుగ కాంగనే గా కాఫీ దిక్కు సగం షట్టర్ మొబైల్ దుకాణపోనికి ఇచ్చేస్త. నా తోని అయితలేదు" అన్నావు. నీ గొంతులో అలసట విని, ఆ రోజే సంచి సర్దాలనిపించింది. దీవెనను కూర్చోబెట్టి అడిగాను. అది పుస్తకం ముందుకు లాక్కుంది. మీ బావ, "నువ్వు పోతనంటె నేను ఆపను" అన్నాడు గానీ, చాన్నాళ్లు పనిలేక తిరిగిన మనిషి ఇప్పుడు పొద్దున లేచి బూట్లు తుడుచుకుంటున్నాడు. ఆ బూట్లు చూసి సంచి కిందికి దించలేదు.

రాలేను అన్నా. ఎటు తిప్పి రాసినా అదే మాట వస్తున్నది. నాకు రావాలని లేక కాదు. బాపు నా చేతిలో పెట్టినదాన్ని నా చేత్తోనే ఆపాల్సి వస్తున్నందుకు లోపల కాలుతున్నది. నువ్వు ఒక్కడివే రెండు పొయ్యిలు ఎన్నాళ్లు చూస్తావు? ఆ సగం షట్టర్ ఇచ్చెయ్యి. నిన్ను ఎవరైనా ఏమైనా అంటే, చెల్లె చెప్పిందని చెప్పు.

ఫిల్టర్ మాత్రం పాత సామానుకు వెయ్యకు. వదిన ఎప్పుడైనా ఇంట్లో కలపాలనుకుంటే: పొడి మీద వేడినీళ్లు ఒక్కసారే గుమ్మరించవద్దు, కొంచెం కొంచెంగా పొయ్యాలి. బెల్లం కప్పు అడుగున వేసి, పొయ్యి దించిన పాలు పొయ్యాలి. మరుగుతున్న పాలలో వేస్తే విరిగిపోతాయి. అవ్వకు ఒక కప్పు ఇవ్వమను. బాగుందని అనదు, గ్లాసు ఖాళీ చేస్తుంది, అంతే.

పాస్టర్ గారికి, పక్కింటి అత్తకు, సాయమ్మ ఇంకా అంగడికి వస్తుంటే ఆమెకూ నా వందనాలు చెప్పు. కోత పండుగ నాడు నా పేరున పసుపు కొమ్ములు కానుకలో పెట్టండి. మా ముగ్గురికోసం ప్రార్థించండి. మీ దీవెనలే మాకు గొడుగు.

ఒక్కటే అడుగుతాను, కాదనకు. కాఫీ పోయినా చాయ్ ఉంది కదా. ఇక్కడ నేను రెండోదాన్నయ్యేదాకా వానలో నిలబడుతున్నాను. అక్కడ మన మెట్ల దగ్గర మొదట వచ్చినవాళ్లను మాత్రం నిలబెట్టకు అన్నా. తాగనియ్యి, పోనియ్యి.

నీ చెల్లె,
కరుణ