ఆపిన తర్వాతి వేడి

మే 11, శనివారం. సాయంత్రం 7.10

బయల్దేరి మూడు రోజులు. నాన్న ముప్ఫై ఏళ్లు సిటీ బస్సు నడిపాడు. రిటైరయ్యాక ఇల్లున్న బండి కొన్నాడు. రెండు పడకలు, ఒక స్టవ్, నా పుస్తకాలకి ఒక అర. సముద్రం దాకా వెళ్లాలి.

రోజంతా బాగానే ఉంటుంది. సాయంత్రం ఎక్కడో ఆగుతాం. అప్పుడు మొదలవుతుంది వేడి. ముందు రెండు సీట్ల మధ్య రేకు పెట్టె ఉంది, దాని కింద ఇంజిన్. పెట్టెని ఆనుకునే అమ్మ పడక. మీరు నన్ను ఊళ్లు తిప్పుతున్నారా, పెనం మీద తిప్పుతున్నారా అని అడిగింది అమ్మ. బండన్నాక వేడుండదా అన్నాడు నాన్న. నేను పేజీ తిప్పాను.

మే 12, ఆదివారం. సాయంత్రం 6.45

కాన్వెంటు స్కూల్లో సైన్స్ చెప్పిన సిస్టర్ ప్రైజుగా ఇచ్చిన థర్మామీటర్ నా సామానులోంచి తీశాను. రేకు పెట్టె పక్కన వేలాడదీశాను.

5.50కి ఇంజిన్ ఆగింది: 33.
6.10: 36.
6.30: 38.

ఆపిన తర్వాత పెరుగుతోంది! మంట తీసేశాక పాలు పొంగినట్టుంది. తప్పు చదివానేమో అనుకుని కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. 38.

మే 13, సోమవారం

34, 37, 39. తప్పు చదవలేదు.

మే 14, మంగళవారం. మధ్యాహ్నం

ముందు చూసింది రాయి, అనుకున్నది తర్వాత రాయి అనేది సిస్టర్. మూడు రోజులుగా చూసింది రాశాను. ఇప్పుడు అనుకున్నది.

నడిచేటప్పుడు ఇంజిన్ వేడిని నీళ్లు, ఫ్యాను, ఎదురుగాలి మోసుకుపోతాయి. తాళం తిప్పగానే మూడూ ఒకేసారి పని మానేస్తాయి. ఇనుము మాత్రం కాగే ఉంటుంది. ఆ వేడి ఎటో ఒకవైపు పోవాలి. ముందువైపు దారి లేకపోతే మా ఇంట్లోకే వస్తుంది.

ముందువైపు దారి ఎందుకు లేదు? నాన్న ఎక్కడ ఆపినా గోడ వెతుకుతాడు. బండి ముక్కు గోడకి జానెడు దూరంలో పెట్టి, ఆ క్షణమే ఇంజిన్ కట్టేస్తాడు. వాళ్ల డిపోలో బస్సులన్నీ అలాగే నిలబడేవట. ఆగిన బండిలో ఇంజిన్ ఒక్క నిమిషం తిరిగినా డీజిల్ దండగని బోర్డు ఉండేదట. డిపో వదిలి ఏడాదైంది. గోడ మాత్రం వదల్లేదు.

నాన్నతో చెప్పాలి. ముప్ఫై ఏళ్ల డ్రైవరుకి, సైకిల్ కూడా రాని నేను.

మే 15, బుధవారం

39. అమ్మ మెడ నిండా చెమట పొక్కులు. శనివారం ఆగే ఊళ్లో రైలుస్టేషన్ ఉంది కదా, నేను చెల్లెలింటికి పోతున్నా, మీరూ మీ బండీ ఊరేగండి అంది. సంచీ సర్దేసింది. దువ్వెన కూడా అందులోనే. తల దువ్వుకోవడానికి నాది అడిగింది.

నీ ఇష్టం అన్నాడు నాన్న. తర్వాత దిగి అద్దం తుడిచాడు. ఒకే అద్దం, చాలాసేపు.

అమ్మ లేకుండా ఆయన సముద్రం దాకా వెళ్లడు. వెనక్కి తిప్పేస్తాడు. నాకు తెలుసు.

మే 16, గురువారం

టీ కోసం ఆగాం. పక్కనే మెకానిక్ షెడ్డు. దాని ముందు పది నిమిషాలు నిలబడ్డాను. ఏం కావాలమ్మాయ్ అన్నాడు మెకానిక్. ఏమీ లేదండీ అన్నాను. ఆయనే మా బండి దగ్గరికొచ్చి, గోడకీ ముక్కుకీ మధ్య చెయ్యి పెట్టి, చటుక్కున లాక్కున్నాడు. పరిగెత్తి వచ్చినవాడి మొహం మీద దిండు నొక్కినట్టుంది కదమ్మా, అన్నాడు. కట్టేసే ముందు ఇంజిన్‌ని మూడు నిమిషాలు ఊరికే తిరగనివ్వాలట. బానెట్ ఎత్తాలట. గాలి వెనకనుంచి తగిలేలా నిలపాలట, లేకపోతే వేడిని లోపలికే తోస్తుందట. మీ డ్రైవరుకి చెప్పు అన్నాడు.

సరేనన్నాను. ఆ డ్రైవరు, మా నాన్న, టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. నేను చెప్పలేదు.

మే 17, శుక్రవారం. ఉదయం

ఒకటి గుర్తొచ్చింది. డిపోలో కంప్లయింట్ బుక్ ఉండేది. నోటితో చెప్పింది గాలికి పోతుంది, రాసింది సంతకానికొస్తుంది అని నాన్న ఎన్నిసార్లు అన్నాడో. అమ్మ వారంనుంచీ నోటితోనే చెబుతోంది!

కాగితం మీద గళ్లు గీశాను. తేదీ. లోపం. చేయవలసిన పని. సంతకం. అంకెలన్నీ, మెకానిక్ చెప్పినవన్నీ ఎక్కించాను. స్టీరింగుకి క్లిప్పుతో తగిలించి వచ్చి ముసుగు తన్నాను.

అదే రోజు, సాయంత్రం 7.00

నాన్న ఈసారి గోడ వెతకలేదు. ఖాళీ మైదానంలో ఆపాడు. నా బుక్‌మార్క్ రిబ్బను అడిగి అద్దానికి కట్టి, అది ఎటు ఎగురుతోందో చూసి, బండి తిప్పాడు. మూడు నిమిషాలు గడియారం చూస్తూ కూర్చున్నాడు. పరీక్ష హాల్లో పిల్లాడిలా. దిగి బానెట్ ఎత్తాడు. రేకు పెట్టె మీద మందపాటి దుప్పటి పరిచాడు.

33. 33. 31.

అమ్మ థర్మామీటర్ వంక చూసింది. ఒక్కరోజు ముచ్చట అంది. సంచీ గుమ్మం దగ్గరే ఉంది.

కాగితం నా పుస్తకంలో దొరికింది. సంతకం ఉంది. కింద ఇంకో గడి గీసి నాన్న రాశాడు: లోపం: అమ్మాయికి అన్నీ తెలుసు, నోరు తెరవదు. చేయవలసిన పని: తనే చేసుకోవాలి. సంతకం గడి ఖాళీ.

మే 18, శనివారం. సాయంత్రం 6.30

రైలుస్టేషన్ పక్కన పార్కింగ్. ఎదురుగా పొడుగాటి గోడ. అమ్మ సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాన్న చేతులు వాటంతట అవే స్టీరింగుని గోడవైపు తిప్పేశాయి. పాపం, ఆయనకి తెలియను కూడా తెలియదు.

నాన్నా, గోడ వద్దు, తిప్పు! అన్నాను. పైకి. గట్టిగా.

బ్రేకు పడింది. గిన్నెలు దొర్లాయి.

ఎవరే అరిచింది? అని అడిగింది అమ్మ.

మే 19, ఆదివారం. ఉదయం

27. సంచీలోంచి బయటికొచ్చిన అమ్మ దువ్వెన అద్దం దగ్గర ఉంది.