గెరటీ కాగితంలో మా పండు పేరు

జూలై 6, 2025, ఆదివారం

పండూ, నువ్వు పోయి ఈ రోజుకి ముప్పై నాలుగు రోజులు.

చర్చికి ఆ ముసలాయన వచ్చాడు. నీ ఐరిష్ ఆయన. ఫింటన్ గెరటీ. నాకు గరిటె అనే వస్తది నోటికి. వెనక బెంచీలో టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మన తెలుగు పాట ఒక్క ముక్క అర్థం కాదుగదా, ఎందుకొచ్చినట్టు?

ఆరాధన అయ్యాక టీ దగ్గర పాస్టరమ్మ విమలకుమారి గారితో ఏదో మాట్లాడి, కాగితాలు పెట్టిన అట్ట ఒకటి బల్ల మీద పెట్టాడు. నా దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. లాక్కున్నాను.

ప్రతి శనివారం ఆయన ఎలక్షన్ బోర్డు పట్టుకుని ట్రైన్ స్టేషన్ ముందు నిలబడేదానివి. మే నెలలో అక్కడే వానలో తడిసొచ్చావు. దగ్గు, జ్వరం, న్యుమోనియా. పది రోజులు. నర్సువి, ఎంతమందికి నయం చేశావో. ఆ మొహం చూస్తే నాకు ఆ వానే కనపడింది.

టీ తాగబుద్ధి కాలేదు. అందరితోపాటు ప్రార్థన చీటీలో నీ పేరు, మన అడ్రసు రాసి వచ్చేశాను. నాకు రాయటం వచ్చిన ఇంగ్లీషు అంతే.

జూలై 9

ఈయన కథేంటిరా అని లెవిని అడిగాను. నీ తమ్ముడు ఫోన్లో చూసి చెప్పాడు. వాళ్ళ దేశంలో మూడు పార్టీల్లోంచి గెంటేశారంట. నాలుగోది తనే పెట్టాడంట, ఏడుగురు మనుషులు. అందులో ఒకరు సొంత అక్క, ఆవిడ కూడా రాజీనామా ఇచ్చిందంట. ఐర్లండ్ రెండు ముక్కలూ ఒకటవ్వాలని ఒక ఆఫీసు గేటుకి గొలుసుతో కట్టేసుకున్నాడంట. ఆ రోజు ఆఫీసుకి సెలవంట. లెవి పడీపడీ నవ్వాడు. నువ్వు పోయాక వాడు నవ్వటం ఇదే మొదలు. నాకు నవ్వు రాలేదు.

ఈ దేశానికొచ్చి పాతికేళ్ళంట. సిటిజన్ అయ్యాడు. ప్రతిసారీ సిటీ కౌన్సిల్‌కి నిలబడతాడు, అద్దెలు తగ్గించాలని. పోయినసారి తొంభై ఒక్క ఓట్లు. అందులో ఒకటి నీది.

ఎవరూ నమ్మని మనిషిని నువ్వెందుకు నమ్మావే?

జూలై 15

నీ యూనిఫాం జేబులో బ్యాడ్జి దొరికింది. వెనక గెరటీ ఫోన్ నంబరు. ఎందుకు రాసుకున్నావు?

ఆగస్టు 28, పొద్దున 11

సిటీ ఆఫీసు నుంచి లెవికి ఫోను. ఎలక్షన్‌లో నిలబడాలంటే ఆ వార్డు ఓటర్లు కాగితం మీద సంతకాలు పెట్టాలంట. గెరటీ ఇచ్చిన కాగితంలో నీ పేరుందంట. జూలై 6 తారీఖంట. ఆవిడ జూన్‌లో పోయినట్టు మా దగ్గరుంది, మరి ఇది ఎవరు పెట్టారని అడిగారంట. ఫోటో కూడా పంపారు. చూడమ్మా అన్నాడు లెవి. చూడను పొమ్మన్నాను.

చచ్చిపోయిన పిల్ల చేత సంతకం! నేను అనుకుంటానే ఉన్నాను.

అదే రోజు, సాయంత్రం

వద్దమ్మా వద్దమ్మా అంటున్నా లెవిని లాక్కెళ్ళాను. రోజూ నిలబడేచోటే ఉన్నాడు. దొంగసచ్చినోడా, నా బిడ్డని మట్టిలో కూడా పడుకోనివ్వవా అని అరిచాను. జనం ఆగి చూశారు. లెవి ఇంగ్లీషులో సగమే చెప్పాడని నాకు తెలుసు. ఆయన బోర్డు గోడకానించి అంతా విన్నాడు. కాదనలేదు. సారీ అన్నాడు. సారీ నాకు తెలుసు. తప్పు చెయ్యనోడు సారీ ఎందుకంటాడు?

అది మా అక్క పెట్టింది కాదని లెవి ఆఫీసుకి మెయిల్ పెట్టాడు. నేనే దగ్గరుండి పెట్టించాను.

సెప్టెంబర్ 3

ఆ సంతకం గొడవతో గెరటీ నామినేషన్ వెనక్కి తీసుకున్నాడంట. మంచిదయ్యింది.

సెప్టెంబర్ 7, ఆదివారం

విమలకుమారి గారికి కూడా సిటీ వాళ్ళు ఫోన్ చేశారంట. మీ పేరు పక్కన ఏదో మీ భాషలో ఉంది, ఏంటది అని. మోకాళ్ళ నొప్పి బాబూ అని చెప్పిందంట. గెరటీ అట్ట, మన ప్రార్థన చీటీ అట్ట ఒక్కలాగే ఉన్నాయంట, పేరుకీ అడ్రసుకీ గళ్ళతో. మనవాళ్ళు పన్నెండు మంది దాంట్లో రాసేశారంట. ఒకరు వీసా రావాలని, ఒకరు అల్లుడు తాగుడు మానాలని. దేవుడికి పెట్టుకున్న అర్జీలు సిటీ ఆఫీసుకి పోయినియ్యక్కా అని పొట్ట పట్టుకుని నవ్వింది.

నా టీ బల్ల మీద పెట్టేశాను.

ఆ ఫోటో ఇప్పుడు చూపించరా అన్నాను లెవిని. జెమీమా, నీ అసలు పేరు. పెద్దపెద్ద అక్షరాలు, గీత దాటి కిందకి జారినియ్. నేను రాసిందే.

సెప్టెంబర్ 8

సిటీ ఆఫీసుకి పోయి చెప్పాను, రాసింది నేనని. అక్కడి అమ్మాయి మెత్తగానే చెప్పింది, నామినేషన్ల గడువు దాటిపోయింది, ఇంక చెయ్యటానికేం లేదని.

అక్కణ్ణించి గెరటీ దగ్గరికి పోయాను. ఆయన మాటలు లెవి తెలుగులో చెప్తా వచ్చాడు. ఆ రోజు చర్చిలో నేను రాస్తుంటే గెరటీ చూశాడంట. ఇంటికి పోయి పెన్ను పట్టుకుని నీ పేరు కొట్టేద్దామని కూర్చున్నాడంట. ఆ పేరు మీద గీత పెట్టటానికి చెయ్యి రాలేదంట. మరి నేను తిట్టేటప్పుడు చెప్పొచ్చుగా అన్నాను. అంతమందిలో, మీ అబ్బాయి ముందు, మీరే రాశారని ఎట్లా చెప్పను అన్నాడంట. నలభై ఏళ్ళుగా తిట్లు తినటమే నా ఉద్యోగం, మీవి అర్థం కాలేదు కాబట్టి కొంచెం నయం అన్నాడంట. లెవి నవ్వాపుకున్నాడు.

తొంభై ఒక్క ఓట్లు. అయ్యి కూడా లేకుండా చేశాను.

వాన సంగతి అడిగాను. మూడుసార్లు ఇంటికి పొమ్మన్నాను, పోలేదు అన్నాడు. అవునో కాదో. నువ్వు చెప్తే వినే రకం కాదు, అది నిజమే. అయినా నమ్మానని రాయను.

సెప్టెంబర్ 13, శనివారం, సాయంత్రం 4

ఎలక్షన్‌లో లేకపోయినా గెరటీ స్టేషన్ ముందుకొస్తానే ఉన్నాడు. నువ్వు నిలబడే చోట ఆయన బోర్డు గంటసేపు పట్టుకున్నాను. దాంట్లో ఏం రాసుందో తెలీదు. ఒక్కరూ ఆగలేదు.

ఈ నోటుబుక్కు ఎవరి చేతికొస్తదో నాకు తెలీదు. ఎవరైనా సరే, మా పండులాగా వానలో తడవకండి, వేళకి కడుపునిండా తినండి.