తమ్ముడి కల్లంలో శనివారం

మార్చి 2003, శుక్రవారం రాత్రి

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, మజ్జిగ పులిసిపోయినందుకు మా ఆవిడ మీద విచారణ జరపబడును.

విచారణ వాయిదా. మబ్బు కమ్మింది. చిన్నాన్న కొడుకు ఏసోబు మిరపకాయలన్నీ కల్లంలో ఆరబోసి ఉన్నాయి, ఏడాది కష్టం. వాటి మీద టార్పాలిన్ పట్టా కప్పనంటాడు. మన పూర్వీకులు యూదులని నమ్మి, చర్చి మానేసి శనివారం పాటిస్తున్నాడు. వాడి లెక్కలో పొద్దు గూకగానే శనివారం వచ్చేసింది, ఇక పని చేయకూడదు.

ఇందాక నేనక్కడుండగా పాస్టరుగారు కల్లానికే వచ్చారు. "గుంటలో పడ్డ గొర్రెను విశ్రాంతి దినానైనా తీయొచ్చని ప్రభువే చెప్పాడు గదయ్యా."

"అది మీ కొత్త నిబంధనలోదండి. మేం పాతదాంతో ఆగిపోయాం."

"ఆ ప్రభువూ యూదుడే గదా?"

"అందుకేగా అండీ, ఆయనా శనివారమే పాటించాడు. మా నాయనమ్మ కూడా శుక్రవారం సాయంత్రం ముసుగేసుకుని రెండు దీపాలు పెట్టేది. నేను పసివాణ్ణి, మా అన్న కళ్లారా చూశాడు."

పాస్టరుగారు నావైపు చూశారు. నేను మబ్బువైపు చూశాను.

ఇప్పుడు ఉరుముతోంది. వెళ్లి నిజం చెబితే పట్టా కప్పుతాడేమో, నా మొహం మాత్రం మళ్లీ చూడడు. మా నాయనమ్మ సాయంత్రాలు వెలిగించింది చుట్ట ఒక్కటే. నాయనమ్మ గురించి వాడు అంత ఆశగా అడిగాడని ఆ దీపాలు నోటిమాటతో నేనే పెట్టాను.